పదకొండు వారాలు మేం ఊళ్లో ఉండం, కారునేం చేయాలి?

ప్రశ్న: నమస్కారం. నేను విజయవాడలో రిటైరైన టీచర్ని. మా అమ్మాయి పురుడు కోసం జూన్ రెండో వారంలో నేనూ మావారూ డాలస్ వెళ్తున్నాం. ఆగస్టు చివర్లో తిరిగొస్తాం. మాకో చిన్న పెట్రోల్ కారుంది. 2019లో కొన్నాం, మామూలు గేర్లది. మావారికి డ్రైవింగ్ రాదు, నేనే నడుపుతాను. ఇన్ని రోజులు కారు ఊరికే వదిలేయడం ఇదే మొదటిసారి. ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్తున్నారు. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే చాలంటాడు మా మరిది గారబ్బాయి. తాళం ఇచ్చి వెళ్తే ఆ పని నేను చేస్తానంటున్నాడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. బ్యాటరీ తీసేయమంటాడు మెకానిక్. ఆ బ్యాటరీ మార్చి మూడేళ్లు దాటింది. పెట్రోల్ పాడవుతుంది, ట్యాంకు ఖాళీగా ఉంచండని పక్క ఫ్లాట్ ఆయన సలహా. కారుండేది సెల్లార్‌లో. అక్కడ ఎలుకలున్నాయి. 2024 వరదల్లో ఆ సెల్లార్‌లోకి నీళ్లు కూడా వచ్చాయి. మా అదృష్టం, ఆ రోజు కారు ఊళ్లో లేదు. మరిది గారిది మెరక మీద సొంతిల్లు, పోర్టికో ఖాళీగానే ఉంటుంది. కాకపోతే మధ్యాహ్నం ఎండ పడుతుంది. ఇన్సూరెన్స్ జులైలో అయిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచితే పట్టేస్తుందంటున్నారు, వేయకపోతే కారు దొర్లదా? నిజంగా ఏం చేయాలో వరసగా చెప్పగలరా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: టీచర్ గారూ, ముందుగా మనవడో మనవరాలో రాబోతున్నందుకు అభినందనలు. టెన్షన్ పడేంత పని కాదిది. ఒక సాయంత్రం, మర్నాడు పొద్దున ఒక గంట చాలు. మీరు విన్న సలహాల్లో మీ మెకానిక్ చెప్పింది సరైనది. మరిది గారబ్బాయిది మంచి మనసుతో చెప్పిన తప్పు సలహా. పక్క ఫ్లాట్ ఆయనది పూర్తిగా తిరగేసిన సలహా.

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం మీరు ఉత్తరం చివర్లో మాటవరసకి అన్నట్టు రాశారు. కారు ఎక్కడ పెట్టాలి? దానికి నా జవాబు మరిది గారి పోర్టికో. ఎండ పడినా సరే. మీరు వెళ్తున్నది ఎండాకాలంలో కాదు, నడి వానాకాలంలో. 2024లో ఆగస్టు 31న కుండపోత మొదలైంది. బుడమేరుకు గండ్లు పడి, మర్నాడు సెప్టెంబర్ 1 నాటికి సింగ్‌నగర్ వైపంతా నీళ్లలో ఉంది. ఎన్ని సెల్లార్లలో ఎన్ని కార్లు మునిగాయో విజయవాడ వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు రాత్రికి రాత్రి వస్తాయి. మీరు డాలస్‌లో ఉండి ఫోన్ చేసి, ఎవరో తాళం వెతికి, కారు పైకి తెచ్చేలోపు ర్యాంపు మీదకే నీళ్లొచ్చేస్తాయి. ఎండకి రంగు కొంచెం వెలిస్తే వెలిసింది. సీటు దాకా నీళ్లొస్తే కారు రూపే మారిపోతుంది. కాబట్టి ముందు మరిది గారింటికి ఫోన్ చేయండి. వాళ్లకీ ఏదో కారణముండి కుదరకపోతే ఏం చేయాలో తర్వాత చెప్తాను.

ఇక ఆ వారానికోసారి స్టార్ట్ చేసే సంగతి. మన దగ్గర ఎంత గట్టిగా నాటుకుపోయిన నమ్మకమో ఇది! కదలకుండా నిలబెట్టి పది నిమిషాలు ఇంజిన్ నడిపితే బ్యాటరీకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన కరెంటు తిరిగి వస్తుంది, ఆపైన కాస్త. అంతే. నష్టం మాత్రం సైలెన్సర్‌కి జరుగుతుంది. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది. మామూలుగా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ నీరంతా ఆవిరై పోతుంది. నిలబెట్టి నడిపితే అంత వేడి రాదు. పొద్దున్నే కార్ల వెనకాల గొట్టంలోంచి నీటి చుక్కలు పడటం మీరు చూసే ఉంటారు. ఆ నీరు సైలెన్సర్‌లోనే నిలిచి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది కాబట్టి కాలని పెట్రోల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి కూడా దిగుతుంది. వారం వారం ఇదే చేస్తే, ఊరికే ఉంచిన కారు కన్నా ఆ కారే ఎక్కువ పాడవుతుంది.

వాచ్‌మన్‌కి తాళం ఇవ్వొద్దనడానికి ఇంకో కారణముంది. మూసుకుపోయినట్టుండే సెల్లార్‌లో ఇంజిన్ నడుస్తూ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది ఆ సెల్లార్‌లోనే ఉంటుంది. పిల్లలు అక్కడే పడుకుంటారు. మన కారు బ్యాటరీ కోసం ఆ ప్రమాదం తెచ్చిపెట్టకూడదు.

నడిపితే మాత్రం వేరు. ఎవరైనా రెండు మూడు వారాలకోసారి పాతిక కిలోమీటర్లు, అరగంటకి తగ్గకుండా నడిపితే కారుకి అంతకన్నా మంచిది లేదు. బ్యాటరీ, టైర్లు, బ్రేకులు, ఏసీ అన్నీ బాగుంటాయి. మరిది గారబ్బాయికి లైసెన్సుండి, వాడి డ్రైవింగ్ మీద మీకు నమ్మకముంటే ఆ దారిలో వెళ్లొచ్చు. అప్పుడు బ్యాటరీ తీయక్కర్లేదు. కాకపోతే ఏదో ఒకటే ఎంచుకోండి. సగం అదీ సగం ఇదీ కుదరదు. మీ ఉత్తరంలో ఆ అబ్బాయి ఉత్సాహం చూస్తే, పదకొండు వారాల్లో మీ కారు అమరావతి ఎన్నిసార్లు చూసొస్తుందో అని నాకొక చిన్న అనుమానం. ఆ దారే అనుకుంటే వెళ్లేముందు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. నేనైతే బ్యాటరీ కనెక్షన్ తీసి వదిలేస్తాను. కింద రాసిందంతా ఆ పద్ధతికే.

బ్యాటరీ లెక్క చెప్తాను, ఎందుకు తీయమంటున్నానో మీకే తెలుస్తుంది. తాళం వేసి పెట్టినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, సెంట్రల్ లాకింగ్, ఇంజిన్ కంప్యూటర్ ఇవన్నీ కలిసి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతూనే ఉంటాయి. మధ్యలో 30 అనుకుందాం. రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో చార్జిని కొలిచే లెక్క ఇది). మీరు చెప్పిన పదకొండు వారాలు, అంటే 77 రోజులకి 55 ఆంపియర్ అవర్లు. చిన్న పెట్రోల్ కార్లలో వచ్చే బ్యాటరీలు 35 ప్రాంతంలో ఉంటాయి. అంటే మీరు వచ్చేసరికి కాదు, జులై సగం కాకముందే అది కారుని స్టార్ట్ చేయలేని స్థితికి వచ్చేస్తుంది. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే లోపలి సీసం ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత చార్జింగ్ పెట్టినా మునుపటిలా ఎక్కదు. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఆ దెబ్బకి లేవకపోవచ్చు. కనెక్షన్ తీసేస్తే దానంతటది దిగే కొద్దిపాటి చార్జి తప్ప ఏమీ పోదు.

వెళ్లేముందు ఏదైనా బ్యాటరీ షాపులో వోల్టేజ్ చూపించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 ప్రాంతంలో ఉంటే నిండా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం. సగం ఉంటే పూర్తిగా చార్జి చేయించి తెచ్చుకోండి. బ్యాటరీ ఎలాగూ పాతదయింది కదా అని ఇప్పుడే కొత్తది కొనకండి. మీరు లేని పదకొండు వారాలూ దాని వారంటీ ఊరికే కరిగిపోతుంది. తిరిగొచ్చాక అవసరమైతే కొనొచ్చు.

కనెక్షన్ తీయడం మీరే చేయగలరు. పది నంబర్ స్పానర్ ఒకటి కావాలి, చాలా కార్లకి అదే సరిపోతుంది. కానీ దానికి ముందు చేయాల్సినవి కొన్నున్నాయి. అద్దాలన్నీ ఎత్తేయండి, ఎందుకంటే తర్వాత అవి కదలవు. డిక్కీలోంచి తీయాల్సినవన్నీ తీసి మూసేయండి. కొన్ని కార్లలో కరెంటు లేకపోతే డిక్కీ తెరుచుకోదు. డ్రైవర్ డోర్ తప్ప మిగతా డోర్లని లోపల్నుంచి లాక్ నొక్కి మూయండి, రిమోట్ ఇక పనిచేయదు కాబట్టి. తాళం చెవి డ్రైవర్ డోర్‌లో తిరుగుతోందో లేదో ముందే ఒకసారి చూసుకోండి. రిమోట్‌కి అలవాటుపడ్డాక ఏళ్ల తరబడి ఎవరూ ఆ రంధ్రంలో తాళం పెట్టి ఉండరు. బటన్ స్టార్ట్ కార్లున్న పాఠకులకి కూడా ఒక మాట: మీ రిమోట్ లోపలే ఒక మామూలు తాళం చెవి దాక్కుని ఉంటుంది, దాన్నెలా బయటికి తీయాలో కారుతో కంపెనీ ఇచ్చిన బుక్కులో ఉంటుంది.

ఇంజిన్ ఆపి, తాళం తీసి, పదిహేను నిమిషాలాగి బానెట్ ఎత్తండి. మైనస్ గుర్తున్న వైపు, సాధారణంగా నల్ల వైరు వచ్చే టెర్మినల్ నట్టు వదులు చేసి క్లాంపుని పైకి లాగేయండి. ప్లస్ వైపు ముట్టుకోవద్దు. మైనస్ ఒక్కటి తీస్తే చాలు. తీసిన క్లాంపుకి మందపాటి గుడ్డ చుట్టి, మళ్లీ జారి బ్యాటరీని తాకకుండా పక్కకి వంచి పెట్టండి. తిరిగొచ్చాక గడియారం మళ్లీ సరిచేసుకోవాలి. కొన్ని మ్యూజిక్ సిస్టమ్‌లు కోడ్ అడుగుతాయి. ఆ కోడ్ బుక్కులోనో, దానితో ఇచ్చిన చిన్న కార్డు మీదో ఉంటుంది, ఇప్పుడే ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు హ్యాండ్ బ్రేక్. మీరు విన్నది నిజమే, అదీ వానాకాలంలో మరీ ఎక్కువ. చిన్న కార్లకి వెనక చక్రాల్లో డ్రమ్ బ్రేకులుంటాయి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచితే లోపలి షూలు డ్రమ్‌కి అతుక్కుని ఉంటాయి. తేమకి డ్రమ్ తుప్పు పట్టి, ఆ తుప్పుతోనే షూ అంటుకుపోతుంది. తర్వాత కారు కదలనంటుంది. గట్టిగా కదిపితే లైనింగ్ ఊడొచ్చే ప్రమాదముంది. అందుకని హ్యాండ్ బ్రేక్ దించేసి, గేర్‌లో పెట్టండి. పోర్టికోలకి సాధారణంగా గేటు వైపు వాలు ఉంటుంది. కారు ముఖం గేటు వైపుంటే రివర్స్ గేర్, ఇంటి వైపుంటే ఫస్ట్ గేర్. దానితో పాటు చక్రాలకి వాలు వైపున రెండు అడ్డు చెక్కలో, మంచి ఇటుకలో పెట్టండి. గేర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. చెక్కలు పెట్టాక, హ్యాండ్ బ్రేక్ దించాక, ఒకసారి కారుని చేత్తో నెట్టి చూడండి. మరిది గారిని కూడా పిలిచి చూపించండి, ఏ పిల్లవాడో ఇటుకలెందుకని తీసేయకుండా. ఆటోమేటిక్ కారైతే పార్క్‌లో పెట్టి చెక్కలు పెడితే సరిపోతుంది.

ఈ బ్రేకుల కారణంగానే కారుని కడిగిన వెంటనే తెచ్చి నిలబెట్టకండి. ముందు రోజు వాటర్ వాష్ చేయించండి, అడుగు భాగం కూడా. తర్వాత కనీసం ఓ పది కిలోమీటర్లు నడిపి, నాలుగైదు సార్లు బ్రేకులు వేస్తే ఆ తడి ఆరిపోతుంది. ఆ ప్రయాణంలోనే చివరి ఐదు నిమిషాలు ఏసీ ఆపేసి ఫ్యాన్ మాత్రం నడపండి. ఏసీ లోపల చేరిన తడి ఆరిపోతే, తిరిగొచ్చి ఏసీ వేయగానే వచ్చే ఆ ముక్కిపోయిన వాసన ఉండదు. కారు ఆపేముందు గాలి మీటని లోపలి గాలే తిరిగేలా, రీసర్క్యులేషన్‌లో పెట్టండి. బయట గాలి వచ్చే దారి తెరిచి ఉంటే అందులోంచి ఎలుక పిల్లలు దూరతాయి.

ఎలుకల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. బ్యాటరీ పోతే కొన్ని వేలు. వైరింగ్ కొరికేస్తే ఖర్చొక ఎత్తు, ఏ వైరు తెగిందో వెతకడం ఇంకో ఎత్తు. కారు కదలకుండా ఉంటే ఇంజిన్ గది వాటికి చీకటిగా, చల్లగా, ఎవరూ రాని ఇల్లు. వానలకి బొరియల్లో నీళ్లు చేరితే నేరుగా అక్కడికే వస్తాయి. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో గూడు కట్టి పిల్లలు కూడా పెడతాయి. పొగాకు ఆకులు కట్టమంటారు, కలరా ఉండలు వేయమంటారు, ఏవో స్ప్రేలు అమ్ముతారు. ఇవి కొన్నాళ్లు పనిచేస్తాయి, వాసన తగ్గగానే ఎలుకలు తిరిగొస్తాయి. పదకొండు వారాలు ఏ వాసనా నిలవదు. కలరా ఉండలు కారు లోపల సీట్ల దగ్గర మాత్రం వేయొద్దు, ఆ ఆవిరి మంచిది కాదు, గుడ్డకి పట్టి నెలల తరబడి వదలదు.

ఎలుకలు నిజంగా ఇష్టపడనిది మనిషి అలికిడి, వెలుతురు. అందుకే మరిది గారబ్బాయికి స్టార్ట్ చేసే పని కాకుండా ఈ పని ఇవ్వండి. వారానికి రెండుసార్లు వచ్చి బానెట్ ఎత్తి, టార్చ్ వేసి చూసి, ఓ అరగంట అలాగే తెరిచి ఉంచాలి. గడ్డి పోచలు, కొరికిన కాగితం, రెట్టలు, బ్రెడ్డు ముక్కలు ఏవైనా కనిపిస్తే తీసేసి మీకు ఫోటో పంపాలి. బానెట్ లాగే మీట డ్రైవర్ సీటు దగ్గర తీగతో ఉంటుంది కాబట్టి దానికి బ్యాటరీ అవసరం లేదు. డోర్ తాళం ఒక్కటి చాలు. కారు పక్కన గోడ వారగా రెండు ఎలుకల బోన్లు పెట్టమనండి. విషం గుళికలు మాత్రం వద్దు. తిన్న ఎలుక వెళ్లి ఏ బ్లోయర్ సందులోనో చచ్చిందంటే ఆ వాసనతో ఆ కారులో ఎవరూ కూర్చోలేరు. పోర్టికోలో కుండీలు, పాత అట్టపెట్టెలు, బియ్యం సంచులు కారుకి ఆనుకుని ఉంటే కొంచెం దూరం జరపమనండి.

కారు లోపల తినే వస్తువు ఒక్కటి కూడా మిగలకూడదు. సీట్ల కింద పడిన బఠాణీలు, పల్లీలు, పిల్లల బిస్కెట్ ముక్కలు, గుడికెళ్లినప్పుడు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ప్రసాదం అన్నీ తీసేసి వాక్యూమ్ కొట్టించండి. మ్యాట్లు తీసి ఇంట్లో ఆరబెట్టుకోండి, తేమకి బూజు ముందు వాటికే పడుతుంది. ఎండ పడే చోటు కాబట్టి పెర్‌ఫ్యూమ్, శానిటైజర్, పవర్ బ్యాంకు, లైటర్ లాంటివి కారులో వదలొద్దు. ముందు అద్దానికి ఒక సన్‌షేడ్ పెట్టండి, అది చాలు.

కవర్ వేయాలా? పైకప్పున్న పోర్టికో కాబట్టి వేయకపోయినా నష్టం లేదు. ఎండకి, పక్షి రెట్టలకి వేయాలనిపిస్తే గాలి ఆడే గుడ్డ కవరే వేయండి. ప్లాస్టిక్ పట్టా, రెక్సిన్ లాంటివి తేమని లోపల పట్టి ఉంచుతాయి. దుమ్ము మీద కవర్ వేస్తే గాలికి అటూ ఇటూ కదిలి రంగుని గీకుతుంది, అందుకే కడిగి ఆరాకే వేయాలి.

టైర్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. ఒకేచోట నిలబడితే కింద భాగం కాస్త చదునవుతుంది, తిరిగి నడిపినప్పుడు కొద్ది దూరం దడదడమంటుంది, ఆ తర్వాత పోతుంది. టైరు నెలకి ఒకటి రెండు పాయింట్ల గాలి మామూలుగానే కోల్పోతుంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసుంటే దానికన్నా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టించి వెళ్లండి. స్టెప్నీలో కూడా. కారుని జాకీల మీద లేపి ఉంచాల్సిన పనిలేదు, అది ఏళ్ల తరబడి నిలిపేవాళ్ల సంగతి.

పెట్రోల్ విషయంలో మీ పక్క ఫ్లాట్ ఆయన చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం చేయండి, ట్యాంక్ నింపండి. ఇప్పుడు మనకి బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ట్యాంకులో ఖాళీ ఎంత ఎక్కువుంటే అక్కడ గాలి, దానితో తేమ అంత ఎక్కువ. అలాగని భయపడక్కర్లేదు, ఈ రోజుల్లో ట్యాంకులు బాగా మూసి ఉంటాయి, పదకొండు వారాలకి పెట్రోల్ పాడైపోదు. దీనికోసం అమ్మే మందు సీసాలు మీకు అవసరం లేదు. బంకులో నాజిల్ దానంతటది టక్కున ఆగాక కుర్రాడు రౌండ్ ఫిగర్ చేయనా అంటాడు చూడండి, అక్కడ వద్దనండి. గొంతు దాకా పోస్తే పెట్రోల్ ఆవిరి పట్టే డబ్బాలోకి పెట్రోలే వెళ్తుంది. వేడికి వ్యాకోచించడానికి కూడా చోటుండాలి.

ఇంజిన్ ఆయిల్ మార్చాల్సిన సమయం దగ్గర్లో ఉంటే వెళ్లేముందే మార్పించండి. వాడిన ఆయిల్‌లో ఇంజిన్‌ని తినేసే ఆమ్లాలు చేరి ఉంటాయి, అదే ఆయిల్‌తో నెలల తరబడి ఉంచడం మంచిది కాదు. ఈ మధ్యే సర్వీసింగ్ అయి ఉంటే వదిలేయండి. కూలెంట్ చూసుకోండి, అంతే. షోరూంలో లాంగ్ పార్కింగ్ ప్యాకేజీ అని ఏదైనా పేరు చెప్తే నవ్వి వచ్చేయండి.

సీఎన్‌జీ కిట్ ఉన్నవాళ్లు సిలిండర్ దగ్గరున్న వాల్వ్ చేత్తో తిప్పి మూసెయ్యాలి. ఎలక్ట్రిక్ కారున్నవాళ్లు వంద శాతం చార్జి చేసి వెళ్లొద్దు, సగం దగ్గర వదిలేయాలి. పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా అందులో ఉంటుందని, దిగిపోయేది అదేనని గుర్తుంచుకోవాలి. దాని కనెక్షన్ తీయొచ్చో లేదో కంపెనీ ఇచ్చిన బుక్కు చూడకుండా ముట్టుకోకూడదు.

ఇన్సూరెన్స్ మాత్రం టికెట్టు, వీసా కాగితాలతో పాటు ఇప్పుడే తేల్చేయండి. జులైలో అయిపోయే పాలసీని ముందే రెన్యూ చేసుకోవచ్చు. కొత్తది పాతది అయిపోయిన మర్నాటి నుంచి మొదలవుతుంది, మీకు ఒక్క రోజు కూడా నష్టం లేదు. అమెరికా నుంచి ఆన్‌లైన్‌లో కట్టొచ్చులే అనుకుంటే, కార్డు ఓటీపీ మీ ఇండియా నంబర్‌కి వస్తుంది, అక్కడ ఆ సిమ్ పనిచేయకపోతే ఎవర్ని అడగాలో తెలియదు. పాలసీ తప్పిపోయి 90 రోజులు దాటితే ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అంతకన్నా ముఖ్యం, వానాకాలం మధ్యలో పాలసీ లేని కారు వరదలో చిక్కితే మీకు పైసా రాదు. 2018 సెప్టెంబర్ తర్వాత కార్లు కొన్న కొందరు మూడేళ్ల ఇన్సూరెన్స్ ఉందిలే అని ధీమాగా ఉంటారు. ఆ మూడేళ్లది థర్డ్ పార్టీకే, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికే కావచ్చు, సొంత కారుకి జరిగే నష్టానికి ఏటా కట్టాల్సిందే కావచ్చు. వాళ్లు పాలసీ తీసి తేదీలు రెండూ చూసుకోవాలి.

రెన్యూ చేసేటప్పుడే ఇంజిన్ ప్రొటెక్ట్ అని ఒక అదనపు కవర్ ఉంటుంది, మీ సెల్లార్ చరిత్ర చూస్తే అది తీసుకోవడమే మంచిది. ఎందుకంటే ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక ఎవరైనా సెల్ఫ్ కొడితే, పిస్టన్ ఆ నీటిని నొక్కలేక లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీ వరద నష్టం ఇస్తుంది కానీ ఇలా జరిగిన ఇంజిన్ నష్టం దగ్గర పేచీ పెడుతుంది.

మరిది గారింట్లో కుదరక కారు సెల్లార్‌లోనే ఉంచాల్సి వస్తే, ర్యాంపుకి అతి దగ్గరగా, ముఖం బయటికి ఉండేలా పెట్టండి. తాళం, స్పానర్ రెండూ మరిది గారబ్బాయి దగ్గరుండాలి. మీరు వెళ్లేలోపు ఒకసారి వాడి చేత్తోనే క్లాంపు తీయించి, మళ్లీ పెట్టించి, స్టార్ట్ చేయించి చూడండి. వాతావరణ హెచ్చరిక వచ్చిన రోజే కారు పైకి తెచ్చి మెరక మీద పెట్టాలని, నీళ్లొచ్చాక వెళ్లొద్దని గట్టిగా చెప్పండి. ఒకవేళ కారు మునిగిపోయిందే అనుకోండి, ఎవరూ తాళం తిప్పి చూడకూడదు. ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి, బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి. ఈ మాట అన్నిటికన్నా ముందు చెప్పండి. నీళ్లు తగ్గగానే స్టార్ట్ అవుతుందేమో చూద్దాం అనే ఆత్రమే సగం ఇంజిన్లని చంపుతుంది.

ఇక తిరిగొచ్చాక. గన్నవరంలో దిగి ఇంటికి క్యాబ్‌లో వెళ్లండి. అంత ప్రయాణం చేసి, రాత్రి పగలు తారుమారై ఉన్నప్పుడు ఆ రోజే కారు తీయొద్దు. రెండు రోజులాగి వెలుతురులో వెళ్లి, ముందు కారు కింద నేల మీద ఆయిల్ మరకలున్నాయేమో చూడండి. బానెట్ ఎత్తి ఎలుకల ఆనవాళ్లు, తెగిన వైర్లు వెతకండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు తీసి లోపల కూడా ఒకసారి చూడండి. పిల్లి పిల్లలు కూడా ఉంటాయి కొన్నిసార్లు. ఆయిల్, కూలెంట్ చూసి, మైనస్ క్లాంపు పెట్టి బిగించండి. తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి, ఆపి, మళ్లీ ఆన్ చేయండి, పెట్రోల్ పైపుల్లోకి చేరుతుంది. అప్పుడు స్టార్ట్ చేయండి. రేజ్ చేయకుండా ఒక నిమిషం వదిలేయండి. ఐడ్లింగ్ కొంచెం అటూ ఇటూ ఊగితే కంగారుపడకండి, ఇంజిన్ కంప్యూటర్ మళ్లీ కుదురుకోవడానికి కాస్త నడవాలి.

చక్రాల కింది ఇటుకలు తీయడం మర్చిపోవద్దు. గేటు దాటేముందే బ్రేకు పెడల్ గట్టిగా ఉందో లేదో నొక్కి చూడండి. మొదటి నాలుగైదు బ్రేకులకి గరగరమని శబ్దం వస్తుంది, అది డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు ఊడటం. కిలోమీటరు రెండు కిలోమీటర్లలో పోవాలి. పోకపోయినా, కారు ఒక పక్కకి లాగుతున్నా, వెనక చక్రం వేడెక్కి వాసన వస్తున్నా నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి. లేకపోతే దారిలో పంక్చర్ షాపు దగ్గర ఆగి, ఎక్కువ కొట్టించిన గాలి స్టిక్కర్ మీదున్న లెక్కకి దించుకుని ఇంటికి వెళ్లండి.